పాత బండికి ప్రాణమా? కొత్త బండికి ఋణమా?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మనవారి సామెత. ఈ మాట అన్న పెద్దలు కొత్తను మెచ్చుకొని అనలేదు. పాతను ఏవగించుకొని అనలేదు. చేతనున్న వస్తువు విలువ తెలియక, కంటికి మెరసినదాని వెంట పరుగెత్తు మనస్సును వారు మెత్తగా ఎత్తిపొడిచిరి. సామెతలు నిలిచియుండును గాని, వాటిని అన్వయించుకొను సందర్భములు మారుచుండును. నేడు వరంగల్లులో ఈ సామెత అనేక కుటుంబములకు రాత్రులు నిదుర పట్టనీయని లెక్కగా మారినది. పదునైదేండ్లు అన్నము పెట్టిన డీజిలు బండి మొరాయించుచున్నది. దానికి ఇంజను పని చేయించి మరల రోడ్డెక్కించవలెనా? లేక దానిని వదలించుకొని, అప్పు చేసి, కొత్త బండి కొనవలెనా?

ఇనుప సామానుల ముచ్చట సాహిత్యపు పుటలలో ఏమిటని కొందరు నొసలు ముడువవచ్చును. ఉపాధ్యాయులు మాత్రము అట్లనరని నా నమ్మకము. వారి తరగతిలో మూడవ బల్లమీద కూర్చున్న పిల్లవాని తండ్రియే ఆ బండి యజమాని కావచ్చును. రానున్న జూనులో ఆ పిల్లవాడు కళాశాలలో చేరునా, తండ్రి ప్రక్కన క్లీనరుగా బండి యెక్కునా అనునది ఈ ఒక్క నిర్ణయముపై ఆధారపడియుండవచ్చును. మనుష్యుని బ్రతుకు మలుపు తిరుగు చోట్లలో ఇదియు నొకటి. అట్టి చోట ఆలోచన చెప్పుట చదువుకొన్నవారికి తగనిపని కాదు.

బండి ఎవరిది?

ఎనుమాముల వ్యవసాయ మార్కెటు ఆసియాఖండములోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరుపొందినది. పత్తి వచ్చు కాలమున తెల్లగాను, మిరప వచ్చు కాలమున ఎర్రగాను మారిపోవు ఆ ఆవరణకు నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట ప్రాంతముల గ్రామములనుండి సరకు వచ్చుచుండును. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిరప ఆ దారులనే వచ్చును. దూరదేశములకు పోవు సరకును పెద్ద లారీలు మోయును. కాని చేను గట్టునుండి మార్కెటు వాకిటివరకు, మార్కెటునుండి కోల్డు స్టోరేజి వరకు, గోదామునుండి కిరాణా దుకాణమువరకు సరకు చేర్చునవి వెనుక తొట్టిగల చిన్న బండ్లే. ఒక్క బండి, ఒక్క యజమాని. ఆ యజమానియే డ్రైవరు. ఇదే వారి సంసారము.

ఆ బండ్లలో కొన్నింటి నంబరు పలకమీద నేటికిని 'ఏపి 36' అని కనబడును. ఉమ్మడి రాష్ట్రమున వరంగల్లు జిల్లాకు ఇచ్చిన అంకె అది. 2014 జూనులో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత 'టిఎస్ 03' వచ్చినది. 2024 మార్చినుండి 'టిజి' వచ్చినది. కనుక 'ఏపి 36' పలక ఉన్న బండి దశాబ్దము దాటిన వయస్సు గలదని చూడగానే చెప్పవచ్చును. మూడు పేర్లు మారినను ఆ బండి తన బరువు తాను మోయుచునే ఉన్నది.

ఈ చిన్నబండ్ల చరిత్రలో మనకు కొంత వాటా కలదు. 1980వ దశకమున జపానుదేశపు కంపెనీల సహకారముతో నాలుగు సంస్థలు మనదేశములో తేలికపాటి ట్రక్కులు చేయనారంభించినవి. అల్విన్ నిస్సాన్, డిసిఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా అని వాటి పేర్లు. వీటిలో మొదటిది హైదరాబాదులో 1942లో పుట్టిన అల్విన్ సంస్థ బిడ్డ. దాని కర్మాగారము జహీరాబాదులో వెలసినది. వీటికి పోటీగా టాటావారు 1986లో '407' బండిని తెచ్చిరి. పోటీలో '407' నిలిచినది. అల్విన్ నిస్సానును 1989లో మహీంద్రావారు తీసికొనిరి. డిసిఎం టొయోటా చేతులు మారి, పేరు మారి, అంతరించినది. అయినను తెలంగాణలో నేటికిని మధ్యరకపు సరకు బండిని, అది ఏ కంపెనీదైనను, 'డీసీఎం' అనియే పిలుచుదురు. కంపెనీ పోయినను పేరు మిగిలినది. భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది మంచి ఉదాహరణము.

బండి యజమానికి కూడ ఇందొక పాఠము కలదు. దేశమున విస్తారముగా అమ్ముడైన బండికి, దాని వయస్సెంతయైనను, విడిభాగములు దొరకును. కొద్దికాలము మాత్రమే తయారైన బండికి, అది ఎంత మేలైనదైనను, ఒక చిన్న భాగముకొరకు ఊరూరు తిరుగవలసి వచ్చును. కనుక బాగుచేయింపదలచినవాడు మొదట అడుగవలసినది మిస్త్రీని కాదు, విడిభాగముల దుకాణదారుని. భాగములు దొరకని బండిని బాగుచేయుట ఎండిన బావిని లోతు త్రవ్వుట వంటిది.

ఇంజను చెప్పు మాట

డీజిలు ఇంజను అనునది ఆశ్చర్యకరమైన సాధనము. 1897లో జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు దీనిని జయప్రదముగా నడిపి చూపెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి ఇంధనమును మండింతురు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని మిక్కిలి గట్టిగా నొక్కినచో అది వేడెక్కును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట ప్రతి విద్యార్థియు ఎరుగును. ఆ వేడి మిక్కుటమైనపుడు అందులోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో అది తనంతట తానే మండును. అంతే రహస్యము. 1900లో పారిస్ ప్రదర్శనమున ఇట్టి ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడిచినది.

ఈ సూత్రమునుండియే ఇంజనుకు ముసలితనము ఎట్లు వచ్చునో బోధపడును. పిస్టను చుట్టునున్న రింగులు అరిగినపుడు నొక్కిన గాలి ప్రక్కలనుండి జారిపోవును. నాజిలు రంధ్రము చెడినపుడు డీజిలు తుంపరగా పడక చుక్కలుగా పడును. అప్పుడు ఇంజను పొగరూపమున తన రోగమును తానే చెప్పును. నల్లని పొగ వచ్చినచో గాలి చాలలేదని గాని, డీజిలు ఎక్కువగా పోవుచున్నదని గాని అర్థము. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. రింగులు, లైనర్లు అరిగినవన్నమాట. బండి వేడెక్కిన తరువాతకూడ తెల్లపొగ తగ్గనిచో డీజిలు సరిగా మండలేదని గాని, నీళ్ళు లోనికి దిగుచున్నవని గాని అనుమానింపవలెను. వైద్యుడు నాలుక చూచినట్లు మిస్త్రీ పొగ చూచును.

ఈ రోగములన్నియు కుదురునవే. లేతు మిషనుమీద బోరు చేయించి, లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి, హెడ్డు సరిచేయించి, పంపును నాజిళ్ళను పరీక్షించి అమర్చినచో పాత ఇంజను మరల బిగువుగా నడచును. మన ఆటోనగరు షెడ్లలో ఈ పని చేయగలవారు ఉన్నారు. కంప్యూటరు సాయము లేక చెవితో విని రోగము పట్టుకొను ఆ నైపుణ్యము తక్కువది కాదు.

అయితే అనుభవజ్ఞుడైన మిస్త్రీ మొదట ఇంజను మూత తీయడు. బండి క్రిందికి దూరి ఛాసిస్ చూచును. ఇంజను బండికి గుండెకాయ, ఛాసిస్ వెన్నెముక. గుండెకాయను మార్చవచ్చును గాని, వెన్నెముక పుచ్చినచో చేయగలిగినది లేదు. ఎరువుల బస్తాలు, ఉప్పు బస్తాలు మోసిన బండ్లకు ఇనుము లోలోపల తినివేయబడును. పైన రంగు వేసి, పూలదండ వేసినచో అది కంటికి కనబడదు. బరువుతో దిగుడు దారిలో పోవునపుడు కనబడును. అప్పుడు చూచి ప్రయోజనము లేదు.

లెక్క వేసి చూతము

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ క్రింది అంకెలు ఉదాహరణమునకు తీసికొన్నవే. ఎవరి బండికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. పదవ తరగతి విద్యార్థి వేయగల లెక్క ఇది.

ఒక యజమానివద్ద 2 లక్షల రూపాయలున్నవి అనుకొందము. ఆ డబ్బుతో పాత బండిని పూర్తిగా బాగుచేయించవచ్చును. లేదా దానిని ముందుగా కట్టి, మిగిలిన 8 లక్షలు అప్పు తెచ్చి, 10 లక్షల కొత్తబండి కొనవచ్చును. నూటికి ఏడాదికి 11 రూపాయల వడ్డీ చొప్పున, 5 సంవత్సరముల గడువుతో అప్పు తెచ్చినచో నెలకు సుమారు 17,400 రూపాయల వాయిదా పడును. 60 నెలలలో చెల్లించు మొత్తము సుమారు 10 లక్షల 44 వేలు. అందులో వడ్డీయే 2 లక్షల 44 వేలు. అనగా పాతబండిని బాగుచేయుటకు కావలసిన సొమ్ముకంటె ఎక్కువ వడ్డీక్రిందనే పోవును.

కొత్త బండి డీజిలు తక్కువ త్రాగును గదా యందురు. నిజమే. బాగుచేసిన పాతబండి లీటరుకు 10 కిలోమీటర్లు, కొత్తబండి 14 కిలోమీటర్లు నడచునని, డీజిలు లీటరు 95 రూపాయలని అనుకొందము. ఊరిలోనే తిరుగుచు నెలకు 1,500 కిలోమీటర్లు నడుపువానికి మిగులు డీజిలు సుమారు 43 లీటర్లు. సొమ్ము సుమారు 4,070 రూపాయలు. వాయిదాలో ఇది నాలుగవ వంతుకూడ కాదు. మిగిలిన 13 వేల పైచిలుకు ఎక్కడనుండి వచ్చును? రిపేర్లు తగ్గినందువలన కొంత రావచ్చును. తక్కినది పిల్లల ఫీజులనుండి, ఇంటి ఖర్చునుండి రావలసినదే.

నెలకు 4,000 కిలోమీటర్లు నడుపువాని లెక్క వేరు. అతనికి మిగులు డీజిలు సుమారు 114 లీటర్లు. సొమ్ము 10,850 రూపాయలు. వాయిదాకు లోటు 6,550 మాత్రమే. బండి దారిలో ఆగిపోయి కిరాయి పోగొట్టుకొనుట తప్పినందువలనను, వర్తకునికి నమ్మకము కుదిరి పని పెరిగినందువలనను ఆ లోటు పూడవచ్చును. పైగా అయిదేండ్ల తరువాత అతని బండికి మంచి మారుబేరపు ధర ఉండును. పాతబండికి ఇనుము ధర తప్ప మరేమి ఉండదు. ఇట్టివానికి కొత్తబండి విలాసము కాదు, పనిముట్టు.

కనుక ప్రశ్నకు జవాబు బండి వయస్సులో లేదు. అది నడచు బాటలో ఉన్నది. ప్రక్కింటివాడు కొన్నాడని కొత్తబండి కొనువాడును, తండ్రి కాలమునాటిదని పాతబండిని పట్టుకొని వ్రేలాడువాడును, ఇద్దరును బాటను చూడనివారే.

లెక్కలోనికి రాని పొగ

ఇంతవరకు యజమాని లెక్క చూచితిమి. కాని ఈ లెక్కలో చేరని పద్దు ఒకటున్నది. అది పొగ. బండి కిరాయి యజమాని జేబులోనికి పోవును. పొగ మాత్రము దారిన పోవువాని ఊపిరితిత్తులలోనికి పోవును. బడి విడిచిన వేళ రోడ్డు దాటుటకు నిలబడిన పిల్లలును ఆ పొగనే పీల్చుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2012లో డీజిలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చినది. ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు.

కొత్తబండ్ల పక్షమున చెప్పదగిన వాదములలో బలమైనది ఇదియే. 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి 4 నియమములు, 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. డీజిలులోని గంధకము పదిలక్షల పాళ్ళలో 50 పాళ్ళనుండి 10 పాళ్ళకు తగ్గినది. కొత్తబండ్లలో మసిని పట్టు జల్లెడలు అమర్చబడినవి. ఎంత నిపుణుడైన మిస్త్రీ బాగుచేసినను పాత ఇంజను ఆ శుభ్రతను అందుకొనలేదు. దీనిని ఒప్పుకొనక పాతబండిని సమర్థించుట న్యాయము కాదు.

అయితే ఇక్కడను రెండవ ప్రక్క కలదు. ఆ జల్లెడలో పేరుకొన్న మసి కాలిపోవుటకు బండి కొంతసేపు ఏకధాటిగా, వేడిగా నడువవలెను. పొద్దుటినుండి సాయంత్రమువరకు ఆగుచు సాగుచు సందులలో తిరుగు బండికి ఆ అవకాశము తక్కువ, జల్లెడ మూసికొనిపోవును. దానిని సరిచేయుటకు కంప్యూటరు కావలెను, కంపెనీ వర్కుషాపు కావలెను. కొత్తబండి కొనువాడు బండి ధరతోపాటు ఈ పరాధీనతనుకూడ కొనుచున్నాడని తెలిసికొనవలెను.

ప్రభుత్వము ఈ విషయమున మార్గము చూపకపోలేదు. 2021 ఆగస్టు 13న కేంద్రప్రభుత్వము పాత వాహనములను తుక్కుచేయు విధానమును ఆరంభించినది. బండిని గుర్తింపుపొందిన తుక్కు కేంద్రమునకు అప్పగించినవానికి ధ్రువపత్రము ఇత్తురు. దాని ఆధారముతో కొత్తబండి కొన్నచో రిజిస్ట్రేషను రుసుము ఉండదు; రవాణా వాహనములకు పన్నులో 15 శాతమువరకు రాయితీ ఇచ్చుటకు రాష్ట్రములకు వీలు కల్పించిరి. తుక్కు విలువగా కొత్తబండి ధరలో 4 నుండి 6 శాతమువరకు రావచ్చునని ఆ విధానము చెప్పినది. 2023 ఏప్రిల్ 1నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను పునరుద్ధరింపరాదని నియమము వచ్చినది. ప్రభుత్వము ముందు తన బండ్లనే తీసివేయుట మంచి పద్ధతి.

ఢిల్లీ ప్రాంతమున మాత్రము వేరు దారి త్రొక్కిరి. 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఆజ్ఞాపింపగా, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. బండిని వయస్సునుబట్టి నిషేధింపవలెనా, విడుచు పొగనుబట్టి నిషేధింపవలెనా అని 2025లో ఆ విషయము మరల కోర్టునకు వచ్చినది. నా మతములో పొగనుబట్టి తీర్పు చెప్పుటయే న్యాయము. నాలుగేండ్ల బండి కూడ సంరక్షణ లేనిచో నల్లపొగ క్రక్కును. ఇరువదేండ్ల బండి కూడ శ్రద్ధతో చూచినచో కొంత మేలుగా నడచును. మనుష్యుని వయస్సు చూచి కాక నడత చూచి తీర్పు చెప్పవలెనని పిల్లలకు బోధించు మనము బండి విషయమున మరియొక నీతి చెప్పనేల?

ఊరు చెప్పు రెండు పాఠములు

పాతవానిని నిలుపుటయా, మార్చుటయా అను ప్రశ్న వరంగల్లుకు కొత్తది కాదు. ఈ ఊరిలోనే దీనికి రెండు ఉదాహరణములు ఎదురెదురుగా నిలిచియున్నవి.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుని కాలమున వెలసినది. దాని ఎదుటి కల్యాణమండపము శిథిలము కాగా, పురావస్తుశాఖవారు 2006లో దానిని రాయి రాయిగా విప్పిరి. పని ఏండ్లతరబడి సాగినది. విసిగినవారు విసిగిరి; ఇక కాదన్నవారు అన్నారు. చివరకు 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు, మండపము మరల ప్రజలకు దర్శనమిచ్చినది. ఆ శ్రమ సార్థకమని అందరు ఒప్పుకొందురు. ఏలయనగా ఆ మండపము ఏ అంగడిలోను దొరకదు. పోయినచో పోయినదే.

రెండవది ఆజంజాహీ మిల్లు. 1934లో నెలకొల్పబడిన ఆ మిల్లు కూతతో ఒకనాడు వరంగల్లు ప్రొద్దులు లెక్కపెట్టుకొన్నది. అది మూతపడుటకు కారణములు పెక్కు. కాలము చెల్లిన యంత్రములు వాటిలో ఒకటి. యంత్రములను కాలమునకు తగినట్లు బాగుచేయలేదు, బాగుచేయనపుడు మార్చనైనలేదు. రెంటికి చెడిన రేవడిగా మిల్లు పోయినది. దానిని నమ్ముకొన్న కార్మికుల బ్రతుకులు చెదరినవి. ఇప్పుడు గీసుగొండ, సంగెము ప్రాంతమున 2017లో శంకుస్థాపన జరిగిన వస్త్రపరిశ్రమల పార్కును చూపి ఊరట చెందుచున్నాము.

ఈ రెండింటినుండి నేర్వదగినదేమి? బండి గుడి కాదు. దానిని నిలుపుటకు దాని పురాతనత్వము ఒక్కటే చాలదు. అది పని చేయవలెను, పొగ తగ్గింపవలెను, ఎవరి ప్రాణము తీయకుండవలెను. కాని నిర్ణయము చేయక, ఈ నెల ఒక నాజిలు, వచ్చేనెల ఒక బేరింగు అని అతుకులు వేయుచు కాలము గడపుట అన్నిటికంటె చెడ్డ మార్గము. అందులో బాగుచేసిన లాభము లేదు, కొన్న లాభము లేదు. ఖర్చు మాత్రము రెండింటి ఖర్చు. మిల్లుకు పట్టిన గతి ఇదియే.

నా అభిప్రాయము

కనుక నేను చెప్పునది మూడు పరీక్షలు. ఎముక, ఊపిరి, బాట.

ఎముక పుచ్చిన బండిని, అనగా ఛాసిస్ తుప్పుపట్టి విరుగనున్న బండిని, ఎంత ప్రేమయున్నను తుక్కు కేంద్రమునకు పంపవలెను. దానికి రంగు వేయించి తెలియనివానికి అంటగట్టుట పాపము. దసరానాడు పూజచేసిన బండిని ఇనుముక్రింద అమ్ముటకు మనసొప్పదనువారికి నా మనవి ఒకటే: మన సంప్రదాయమున పూజించిన వినాయకుని కూడ నీటిలో కలిపి సాగనంపుదుము. సాగనంపుట అవమానము కాదు.

ఎముక గట్టిగా ఉండి, భాగములు దొరకుచు, ఊరిచుట్టు నెలకు వెయ్యి, పదునైదువందల కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిని బాగుచేయించుకొనుటయే వివేకము. కాని బాగుచేయుట అనగా పూర్తిగా బాగుచేయుట. ఇంజనుతోపాటు పంపు, నాజిళ్ళు, బ్రేకులు, స్టీరింగు అన్నియు. బండి లాగినంత మాత్రమున బాగైనట్లు కాదు. పొగ మానినపుడే బాగైనట్లు. ఈ షరతు లేని పాతబండి పక్షము నాకు సమ్మతము కాదు.

నిత్యము హైదరాబాదు దారిలోనో, ములుగు దారిలోనో బరువుతో పరుగెత్తు బండి యజమాని కొత్తదానివైపే చూడవలెను. అయితే కొత్తదనగా షోరూములోనిదే కానక్కరలేదు. 2020 ఏప్రిల్ తరువాత తయారై, నాలుగైదేండ్లు నడచిన బండి దొరకును. దాని ధరలో పెద్దకోత మొదటి యజమానియే భరించియుండును. ఫైనాన్సు బాకీ తీరినదో లేదో, చలానాలు ఉన్నవో లేవో రవాణా కార్యాలయమున విచారించి, నమ్మకమైన మిస్త్రీకి చూపి కొన్నచో శుభ్రతయు దక్కును, ఋణభారమును తగ్గును. ఇది చాలమందికి తోచని మధ్యేమార్గము.

ఇక సమాజము చేయవలసినది కలదు. కొత్తబండికి అప్పు ఇచ్చువారు వీధివీధినా ఎదురుపడుదురు. ఇంజను బాగుచేయించుటకు అప్పు ఇచ్చువారు అరుదు. అందుచేత బాగుచేయదగిన బండికూడ మూలబడుచున్నది. తీర్చలేని అప్పు ఇంటికి వచ్చుచున్నది. సహకార సంఘములు, బ్యాంకులు ఈ చిన్న ఋణమును గూర్చి ఆలోచింపవలెను. అట్లే ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమునకు ఏటేట ఫిట్‌నెసు పరీక్ష జరుగవలెనని చట్టము. ఆ పరీక్షను మనుష్యుని కన్నుకు విడువక యంత్రములతో చేయవలెనని 2021లోనే నియమములు వచ్చినను గడువులు పలుమార్లు పొడిగింపబడినవి. యంత్రముముందు పేదవాడు, పెద్దవాడు అను భేదము లేదు; పరీక్ష నిజమైనదైనచో వయస్సుతో నిమిత్తము లేక మంచిబండి నిలుచును, చెడ్డబండి తొలగును.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. 1959లో దేశములోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో మొదటిది ఈ వరంగల్లులోనే పుట్టినది; నేడది జాతీయ సాంకేతిక సంస్థగా వెలుగుచున్నది. ఆ విద్యాలయమునకును ఆటోనగరు షెడ్లకును దూరము మైళ్ళలో కొద్ది; మనస్సులలో చాల. చక్రవడ్డీ లెక్కను ఏవో ఊహాప్రపంచపు అంకెలతో కాక, తరగతిలోని పిల్లవాని తండ్రి బండి వాయిదాతో చెప్పి చూడుడు. పీడనము, ఉష్ణోగ్రత పాఠమును డీజిలు ఇంజనుతో చెప్పి చూడుడు. ఆ సాయంత్రము ఆ పిల్లవాడు ఇంటికి పోయి తండ్రితో కూర్చుండి కాగితముమీద లెక్క వేయును. షోరూమువాని మాటకును, ఇరుగుపొరుగు మెప్పునకును, తన బెంగకును లోబడక, ఆ తండ్రి తన బిడ్డ వేసిన లెక్కను చూచి నిర్ణయము చేసినచో చదువు ఆ ఇంట అడుగుపెట్టినట్లే.

పాతది పాతదైనందున మంచిది కాదు; కొత్తది కొత్తదైనందున గొప్పది కాదు. అప్పుతో ఇల్లు కూలకుండ, పొగతో ఊరు చెడకుండ అన్నము పెట్టునదే మంచి బండి.